ప్రెస్ పనుల ఫోల్డర్లన్నింటినీ ఒక్క ఇమేజ్ ఫైలులోకి తీయడం: కమాండ్ లైన్ పద్ధతి

వరంగల్ చౌరస్తా సమీపంలో మా మేనమామ నడిపే ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్ల బాధ్యత కొన్నేళ్లుగా నాదే. పెండ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ పత్రికలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు అక్కడి పని. ప్రతి గిరాకీకీ ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో కోరల్‌డ్రా ఫైలు, పేజ్‌మేకర్ ఫైలు, వినాయకుడి బొమ్మ, అంచు డిజైను, వాడిన ఫాంట్లు అన్నీ ఉంటాయి. కొత్త పని రాగానే డీటీపీ ఆపరేటర్ దానికి దగ్గరగా ఉన్న పాత ఫోల్డర్‌ను కాపీ చేసి, పేర్లూ ముహూర్తమూ మార్చి ముందుకు వెళ్తాడు. అందువల్ల ఒకే వినాయకుడు వందల ఫోల్డర్లలో కూర్చున్నాడు. ఈ ఫోల్డర్లను మామూలుగా కాపీ చేస్తూ పోతే ఎంత పెద్ద హార్డ్ డిస్క్ అయినా నిండిపోతుంది. పైగా ఆ కాపీలో నిలిచేది ఆ రోజటి స్థితి మాత్రమే. నెల తర్వాత దాని మీదే మళ్లీ కాపీ చేస్తే పాత స్థితి చెరిగిపోతుంది.

పాత స్థితి ఎందుకు కావాలో చెప్పడానికి మా ప్రాంతమే మంచి ఉదాహరణ. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించినప్పుడు మా ఊరు వరంగల్ అర్బన్ జిల్లాలోకి వెళ్లింది. 2021 ఆగస్టులో ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది, రూరల్ జిల్లాకు వరంగల్ అని పేరు వచ్చింది, కొన్ని మండలాలు అటు నుంచి ఇటు మారాయి. ఆ రోజుల్లో ఒక ఆపరేటర్ ఎంతో శ్రద్ధతో పాత ఫోల్డర్లు తెరిచి, కొత్త కాపీ తీయకుండా అసలు ఫైళ్లలోనే చిరునామాలు దిద్దేశాడు. తర్వాత ఒక పెద్దాయన 2018లో అచ్చయిన తన పెద్దకూతురి పత్రికను ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ అడిగినప్పుడు దానిని ఇవ్వలేకపోయాం. ఫలానా తేదీన ఫోల్డర్లు ఎలా ఉన్నాయో అలాగే నిలిపి ఉంచే పద్ధతి కోసం వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాను. నాకు కుదిరినది విమ్ ఇమేజ్. దానిని లినక్స్‌లో తయారుచేసే పనిముట్టు విమ్‌లిబ్.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో కమాండ్లను పలికే తీరులో తెలుగు అక్షరాలతో రాశాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలతోనే టైపు చేయాలి. ‘విమ్’ అంటే డబ్ల్యూ, ఐ, ఎం అనే మూడు అక్షరాలు. దాని వెనుక వచ్చే క్యాప్చర్, అపెండ్, అప్లై, వెరిఫై వంటివి మామూలు ఇంగ్లిషు మాటలే, ఖాళీ వదలకుండా అతికించి రాయాలి. కుదించి రాసే మాట వచ్చినచోట దాని అక్షరాలు విడిగా చెబుతాను.

విమ్ ఇమేజ్ ఎలా పని చేస్తుంది

డిస్క్ ఇమేజ్ అనగానే చాలామందికి డిస్క్‌ను మొదటి సెక్టర్ నుంచి చివరి సెక్టర్ వరకు ఖాళీ జాగాతో సహా దించుకోవడం గుర్తుకు వస్తుంది. విమ్ అలాంటిది కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ విస్టా కాలంలో, ఆపరేటింగ్ సిస్టమ్‌ను యంత్రాల మీదికి ఎక్కించడానికి రూపొందించిన ఈ ఫార్మాట్ సెక్టర్లను పట్టించుకోదు, ఫైళ్లనే చూస్తుంది. ఒక ఫోల్డర్, దాని లోపలి ఫోల్డర్లు, వాటిలోని ఫైళ్లు, ఏది ఎక్కడ ఉంది, ఎప్పుడు మార్చారు అనే వివరాల పట్టిక ఒకవైపు ఉంటుంది. ఫైళ్ల లోపలి సరుకు మరోవైపు ఉంటుంది. ప్రతి ఫైలు సరుకుకూ ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతిలో వేలిముద్ర లాంటి ఒక ముద్ర లెక్కిస్తారు. అదే ముద్ర గల సరుకు ఇప్పటికే ఇమేజ్‌లో ఉంటే దానిని రెండోసారి రాయరు, పట్టికలో దాని ముద్రను మాత్రం గుర్తుపెడతారు.

లెటర్‌ప్రెస్ రోజులు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అప్పట్లో వినాయకుడి బ్లాకు ఒక్కటే అరలో ఉండేది. ప్రతి పత్రికకూ కొత్త బ్లాకు చేయించేవారు కాదు, ఫర్మా బిగించేటప్పుడు అరలోది తీసి వాడుకునేవారు. విమ్ ఫైలు కూడా అంతే: బ్లాకులు ఒకేచోట, ఏ పత్రికకు ఏ బ్లాకు అనే రాత విడిగా.

ఇందులోని రెండో సుగుణం నా దృష్టిలో మొదటిదానికన్నా విలువైనది. ఒకే విమ్ ఫైలులో ఎన్ని ఇమేజ్‌లైనా ఉండవచ్చు. ఏప్రిల్ స్థితి ఒకటి, మే స్థితి ఇంకొకటి, ఇలా వరుస సంఖ్యలతో నిలుస్తాయి. నెలలో మారని ఫైళ్లకు కొత్తగా జాగా పట్టదు కాబట్టి, పన్నెండు నెలల స్థితులు దాచినా ఫైలు పన్నెండింతలు కాదు.

ఫైళ్లను ఒక్కటిగా కట్టగట్టే టార్‌తోనో జిప్‌తోనో సరిపెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. ఒక్కసారి పంపి మరిచిపోయే ఫోల్డర్‌కు అవి చాలు. కానీ టార్ ఫైలులో వినాయకుడు ఎన్ని ఫోల్డర్లలో ఉంటే అన్నిసార్లు చేరతాడు. పక్కపక్కన ఉన్న నకళ్లను కుదింపు కొంత పసిగట్టినా దూరంగా ఉన్నవాటిని పట్టుకోలేదు. ఫోల్డర్లను కుదించి దాచే లినక్స్ ఫార్మాట్ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ నకళ్లను చక్కగా తొలగిస్తుంది, అయితే విండోస్ దానిని తనంతట తాను తెరవదు. మా ప్రెస్‌లో ఫైళ్లు ఉండే సర్వర్ లినక్స్, ఆపరేటర్ల యంత్రాలు విండోస్. ఈ రెండు వైపులా చెల్లేది నాకు విమ్ ఒక్కటే కనిపించింది. సెవెన్-జిప్ ఉన్న ఏ యంత్రంలోనైనా మామూలు విమ్ ఫైలును తెరిచి చూడవచ్చు.

సిద్ధం చేసుకోవడం

ఉబుంటు లేదా డెబియన్ రకం లినక్స్ యంత్రంలో ప్యాకేజీ పేరు విమ్‌టూల్స్:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ విమ్‌టూల్స్

సుడో అంటే ఎస్, యు, డి, ఓ; నిర్వాహకుడి హక్కుతో నడపమని దాని అర్థం. ఆప్ట్ అంటే ఏ, పి, టి. ఫెడోరా రకం లినక్స్‌లో అదే సరుకు విమ్‌లిబ్-యూటిల్స్ అనే పేరుతో దొరుకుతుంది. ఇకపై చెప్పే కమాండ్లన్నీ దీనితోనే వస్తాయి.

క్యాప్చర్ (ఫోల్డర్‌ను ఇమేజ్‌లోకి తీయడం) మొదలుపెట్టే ముందు ఆపరేటర్లందరూ ఫైళ్లు మూసివేశారో లేదో చూసుకోవాలి. సగం సేవ్ అయిన ఫైలును తీస్తే ఇమేజ్‌లో సగం ఫైలే ఉంటుంది, దానికి మందు లేదు. నేను రాత్రి షట్టర్ దించిన తర్వాతే ఈ పని పెట్టుకుంటాను. తర్వాత ఫోల్డర్ ఎంత ఉందో, అందులో ఎన్ని ఫైళ్లు ఉన్నాయో కొలిచి ఒక కాగితం మీద రాసుకోవాలి:

డియు -ఎస్‌హెచ్ /ప్రెస్/పనులు

ఫైండ్ /ప్రెస్/పనులు -టైప్ ఎఫ్ | డబ్ల్యూసీ -ఎల్

డియు అంటే డి, యు. మొదటిది పరిమాణం చెబుతుంది, రెండోది ఫైళ్ల సంఖ్య. ఈ సంఖ్య చివర్లో పనికివస్తుంది.

పేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. తెలుగు పేర్లు గల ఫోల్డర్లకు విమ్‌లో ఏ ఇబ్బందీ రాదు, ఎందుకంటే ఆ ఫార్మాట్ పేర్లను యూనికోడ్‌లోనే దాస్తుంది. ఇబ్బంది పెట్టేవి గుర్తులు. లినక్స్ సర్వర్ మీద నేరుగా పని చేసే మా కుర్రవాడు ముహూర్త సమయాన్ని ఫోల్డర్ పేరులో పెట్టేవాడు: ‘ఉదయం 10:42’. లినక్స్ రెండు చుక్కల గుర్తును ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. క్యాప్చర్ అప్పుడు అంతా సవ్యంగానే సాగుతుంది. ఆ ఇమేజ్‌ను విండోస్ యంత్రంలో విప్పినప్పుడు విమ్‌లిబ్ ఒక హెచ్చరిక చూపి, ఆ ఫోల్డర్‌ను వదిలేసి ముందుకు పోతుంది. అందుకని ముందే వెతికి పేర్లు మార్చుకోవడం మేలు:

ఫైండ్ /ప్రెస్/పనులు -నేమ్ '*:*'

ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులకూ ఇదే వర్తిస్తుంది. అయితే వాటిని వెతికేటప్పుడు గుర్తు ముందు వెనుకకు వాలిన గీత ఒకటి పెట్టాలి, లేకపోతే ఫైండ్ వాటిని గుర్తులుగా కాక నమూనాలుగా తీసుకుంటుంది.

ఏది వద్దో ముందే చెప్పడం

చెత్తను కూడా భద్రపరచడం చాలామంది చేసే పొరపాటు. కోరల్‌డ్రా ప్రతి ఫైలుకూ ‘బ్యాకప్ ఆఫ్’ అనే మాటలతో మొదలయ్యే నకలు ఒకటి పక్కనే పెడుతుంది. విండోస్ తన బొమ్మల జాబితా కోసం థంబ్స్ డాట్ డీబీ అనే ఫైలును ఫోల్డర్ ఫోల్డర్‌లో వదులుతుంది. తాత్కాలిక ఫైళ్లు సరేసరి. వీటన్నింటినీ తప్పించడానికి ఒక మామూలు టెక్స్ట్ ఫైలు రాసుకోవాలి. దాని మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య ఎక్స్‌క్లూజన్ లిస్ట్ అనే రెండు మాటలను కలిపి, ప్రతి మాట మొదటి అక్షరం పెద్దదిగా ఉంచి రాయాలి. కింద ఒక్కో వరుసలో ఒక్కో నమూనా ఉంటుంది:

[ఎక్స్‌క్లూజన్‌లిస్ట్]
*.టీఎంపీ
థంబ్స్.డీబీ
బ్యాకప్_ఆఫ్_*
/ప్రూఫులు

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. ముందు గీత లేని నమూనా ఏ లోతులో ఉన్న ఫైలుకైనా వర్తిస్తుంది. గీతతో మొదలయ్యేది మాత్రం మీరు క్యాప్చర్ చేస్తున్న ఫోల్డర్‌నే మొదలుగా భావించి అక్కడి నుంచి లెక్కిస్తుంది. అంటే పై ఉదాహరణలో ‘/ప్రూఫులు’ అనేది పనులు అనే ఫోల్డర్‌కు నేరుగా లోపల ఉన్న ప్రూఫులను మాత్రమే తప్పిస్తుంది, 2022 ఫోల్డర్ లోపలి ప్రూఫులను ముట్టుకోదు. కంప్యూటర్ మొత్తపు పూర్తి దారిని ఇక్కడ రాయకూడదు. నేను మొదటిసారి అలా రాసి, ఏదీ తప్పించబడకపోతే ఒక సాయంత్రమంతా తల పట్టుకుని కూర్చున్నాను.

ఫాంట్లను మాత్రం ఎన్నడూ తప్పించకండి. తెలుగు డీటీపీలో ఇప్పటికీ వాడుకలో ఉన్న పాత ఫాంట్లు చాలావరకు యూనికోడ్‌వి కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే పెండ్లికూతురి పేరు స్థానంలో అర్థం లేని గుర్తులు వస్తాయి. ఏ పనికి వాడిన ఫాంటు ఆ ఫోల్డర్‌లోనే ఉండాలి. అది ఐదు వందల ఫోల్డర్లలో ఉన్నా విమ్ ఒక్కసారే దాస్తుంది గనుక పిసినారితనం అవసరం లేదు.

మొదటి క్యాప్చర్

ఇప్పుడు అసలు కమాండ్. తప్పింపుల ఫైలుకు వద్దు.ఐఎన్‌ఐ అని పేరు పెట్టామనుకుందాం:

సుడో విమ్‌క్యాప్చర్ /ప్రెస్/పనులు /బ్యాకప్/పనులు.విమ్ "2024-ఏప్రిల్" --కన్ఫిగ్=వద్దు.ఐఎన్‌ఐ --చెక్ --యూనిక్స్-డేటా

విమ్‌క్యాప్చర్ తర్వాత వచ్చేది తీయవలసిన ఫోల్డర్, ఆ తర్వాత తయారుకావలసిన ఫైలు, ఆ తర్వాత ఈ ఇమేజ్‌కు మీరిచ్చే పేరు. పేరు ఇవ్వకపోతే ఫోల్డర్ పేరునే పెట్టుకుంటుంది. పన్నెండు నెలల తర్వాత పన్నెండు ‘పనులు’ మధ్య వెతుక్కోవడం కన్నా తేదీ పెట్టడం నయం. కన్ఫిగ్ అంటే సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి.

విమ్ ఫైలును క్యాప్చర్ చేస్తున్న ఫోల్డర్ లోపల పెట్టకూడదు. వీలైతే అదే డిస్క్ మీద కూడా పెట్టకూడదు. డిస్క్ పోతే రెండూ కలిసి పోతాయి.

యూనిక్స్-డేటా గురించి కొంచెం ఆగి చెప్పాలి. విమ్ పుట్టింది విండోస్ కోసం కాబట్టి, లినక్స్‌లో ఒక ఫోల్డర్‌ను మామూలుగా తీసినప్పుడు ఫైలు ఎవరిది, ఏ బృందానిది, ఎవరు రాయవచ్చు, ఎవరు చదవవచ్చు అనే వివరాలు ఇమేజ్‌లోకి రావు. తేదీలు వస్తాయి, ఫైళ్లు వస్తాయి, అనుమతులు రావు. ఆ ఇమేజ్‌ను విప్పితే ఫైళ్లన్నీ విప్పినవారి పేరు మీదికి వస్తాయి. మర్నాడు ఆపరేటర్ సేవ్ కొడితే అనుమతి లేదని కంప్యూటర్ మొండికేస్తుంది. ఈ ఒక్క మాట చేర్చితే ఆ వివరాలన్నీ ఇమేజ్‌లో నిలుస్తాయి. కానీ విప్పేటప్పుడు కూడా అదే మాట మళ్లీ రాయాలి, లేకపోతే దాచినవి దాచినట్టే ఉండిపోతాయి. మీ ఫోల్డర్ విండోస్ యంత్రానిదైతే ఇది అక్కరలేదు.

సింబాలిక్ లింకులు (వేరేచోట ఉన్న ఫైలుకు దారి చూపేవి) ఉంటే లింకులుగానే వస్తాయి, అవి చూపించే ఫైళ్లు రావు. ఉమ్మడి బొమ్మల ఫోల్డర్‌కు లింకులు పెట్టుకున్నవారు ఆ ఫోల్డర్ కూడా క్యాప్చర్‌లో ఉందో లేదో చూసుకోవాలి. లింకు స్థానంలో అసలు ఫైలే రావాలంటే --డీరెఫరెన్స్ అనే మాట చేర్చవచ్చు.

కుదింపు ఎంత అనేది తరువాతి ప్రశ్న. ఏమీ చెప్పకపోతే విమ్‌లిబ్ ఎల్‌జెడ్‌ఎక్స్ పద్ధతి వాడుతుంది. రోజువారీ పనికి అది చాలు. తొందరలో ఉంటే --కంప్రెస్=ఫాస్ట్ అనవచ్చు. --సాలిడ్ అంటే ఫైళ్లను విడివిడిగా కాక గుత్తులుగా కలిపి ఎల్‌జెడ్‌ఎంఎస్ పద్ధతిలో గట్టిగా కుదిస్తుంది. జాగా బాగా తగ్గుతుంది. ప్రతిగా క్యాప్చర్ చాలా నెమ్మదిస్తుంది, ఒక్క ఫైలు కావాలన్నా చుట్టూ ఉన్న గుత్తిని విప్పవలసి వస్తుంది, విండోస్ 7 సొంత పనిముట్లు దానిని చదవలేవు, అలాంటి ఫైలును ముక్కలు చేయడమూ కుదరదు. మూసివేసిన సంవత్సరాలకు తప్ప దానిని నేను వాడను. జేపెగ్ ఫొటోలు ఏ పద్ధతిలోనైనా పెద్దగా తగ్గవు. అవి ముందే కుదించినవి.

రెండో నెల: ఇక్కడే జాగ్రత్త

మే నెల స్థితిని చేర్చడానికి విమ్‌క్యాప్చర్ వాడకూడదు. విమ్‌అపెండ్ వాడాలి:

సుడో విమ్‌అపెండ్ /ప్రెస్/పనులు /బ్యాకప్/పనులు.విమ్ "2024-మే" --కన్ఫిగ్=వద్దు.ఐఎన్‌ఐ --చెక్ --యూనిక్స్-డేటా --అప్‌డేట్-ఆఫ్=-1

విమ్‌క్యాప్చర్‌కు అదే ఫైలు పేరు ఇస్తే అది ఏమీ అడగదు. పాత ఫైలును తీసేసి, ఈ ఒక్క ఇమేజ్‌తో కొత్తది రాస్తుంది. ఈ సంగతి నాకు పుస్తకజ్ఞానంగా కాక అనుభవంగా తెలిసింది. ఒక శ్రావణమాసపు ముహూర్తాల హడావిడిలో, టెర్మినల్‌లో పై బాణం నొక్కి పాత కమాండ్‌ను తెచ్చి, నెల పేరు మార్చి ఎంటర్ కొట్టాను. అది మొదటి నెల కమాండ్. పద్నాలుగు నెలల స్థితులు పోయి ఒక్కటి మిగిలింది. హనుమకొండలో మా ఇంట్లో ఉన్న రెండో డిస్క్ మీద అంతకుముందు నెల వరకు ఉన్న ఫైలు ఉండబట్టి మామ ముందు తలెత్తుకోగలిగాను. అప్పటి నుంచి క్యాప్చర్ కమాండ్‌ను ఎక్కడా దాచుకోను. అపెండ్ కమాండ్‌ను మాత్రం ఒక చిన్న స్క్రిప్టులో పెట్టి, తేదీ దానంతట అదే పడేట్టు చేశాను. చేత్తో రాసేది ఆ స్క్రిప్టు పేరు ఒక్కటే.

అప్‌డేట్-ఆఫ్ అనే మాట వల్ల సమయం ఎంతో కలిసివస్తుంది. అది లేకపోతే, నకలు అవునో కాదో తేల్చడానికి విమ్‌లిబ్ ప్రతి ఫైలునూ ఆసాంతం చదివి ముద్ర లెక్కిస్తుంది. ఉంటే చివరి ఇమేజ్‌తో పోల్చి, పరిమాణమూ మార్చిన సమయమూ మారని ఫైళ్లను చదవకుండానే పాతవిగా లెక్కలోకి తీసుకుంటుంది. మైనస్ ఒకటి అంటే చివరి నుంచి మొదటిది. ఫైలును మార్చి తేదీని మాత్రం వెనక్కి తిప్పే పనిముట్లు వాడేవారు దీనిని నమ్మకూడదు. నేను ఏడాదికోసారి, ఉగాది ముందు, ఈ మాట లేకుండా పూర్తిగా చదివిస్తాను.

లోపల ఏమున్నాయో చూడడానికి:

విమ్‌ఇన్ఫో /బ్యాకప్/పనులు.విమ్

ఇన్ఫో అంటే ఐ, ఎన్, ఎఫ్, ఓ. ఇమేజ్‌ల సంఖ్య, పేర్లు, ఫైళ్ల లెక్క అన్నీ వస్తాయి. మీరు కాగితం మీద రాసుకున్న ఫైళ్ల సంఖ్యతో ఇక్కడి సంఖ్యను పోల్చండి. తప్పించినవి పోగా మిగిలినదానికి దగ్గరగా లేకపోతే తప్పింపుల ఫైలును మళ్లీ చదవాలి. ఒక ఇమేజ్‌లోని దారులన్నీ వరుసగా కావాలంటే విమ్‌డిర్ వాడాలి. డిర్ అంటే డి, ఐ, ఆర్.

తిరిగి తీయడం

ఆ పెద్దాయనలా ఎవరైనా ఒక్క పత్రిక అడిగితే దాని కోసం మొత్తం విప్పనక్కరలేదు. రెండో ఇమేజ్ నుంచి ఒక్క ఫోల్డర్ ఇలా వస్తుంది:

విమ్‌ఎక్స్‌ట్రాక్ట్ /బ్యాకప్/పనులు.విమ్ 2 /2018/మట్టెవాడ-17 --డెస్ట్-డిర్=/ప్రెస్/తిరిగి

ఇక్కడ కూడా గీత ఇమేజ్ లోపలి నుంచి మొదలవుతుంది. డెస్ట్ అంటే డి, ఈ, ఎస్, టి. తిరిగి తీసినదాన్ని నడుస్తున్న ఫోల్డర్ మీదికి నేరుగా విప్పకండి, ‘తిరిగి’ లాంటి వేరే చోటికి తీసి, చూసుకుని, ఆ తర్వాత జరపండి. ఏ నెల ఇమేజ్‌లో ఏముందో తెలియనప్పుడు ఒకదానిని చూడడానికి మాత్రమే తెరుచుకోవచ్చు:

విమ్‌మౌంట్ /బ్యాకప్/పనులు.విమ్ 2 /హోం/నేను/చూపు

అప్పుడు అది మామూలు ఫోల్డర్‌లా కనబడుతుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, దేనినీ మార్చడం కుదరదు. పని అయ్యాక విమ్‌అన్‌మౌంట్ అని ఆ ఫోల్డర్ పేరు ఇవ్వాలి. మాకు ఎక్కువగా ఉపయోగపడేది ఇదే. గిరాకీ కుర్చీలో కూర్చుని ఉండగా 2018నీ 2021నీ పక్కపక్కన తెరిచి చూపించవచ్చు.

మొత్తం విప్పాలంటే:

సుడో విమ్‌అప్లై /బ్యాకప్/పనులు.విమ్ 2 /పరీక్ష --యూనిక్స్-డేటా

ఒక్కసారైనా విప్పి చూడని ఇమేజ్‌ను నేను బ్యాకప్ కింద లెక్కగట్టను. మూడు నెలలకోసారి చివరి ఇమేజ్‌ను ఖాళీ డిస్క్ మీద పూర్తిగా విప్పి, అసలు ఫోల్డర్‌తో పోలుస్తాను:

డిఫ్ -ఆర్ /ప్రెస్/పనులు /పరీక్ష

డిఫ్ అంటే డి, ఐ, ఎఫ్, ఎఫ్. తేడా లేకపోతే అది మౌనంగా ఉంటుంది. తప్పించిన ఫైళ్లను మాత్రం ఒకవైపే ఉన్నాయని చూపుతుంది, అవి ఎదురుచూసినవే. అంత తీరిక లేని నెలల్లో విమ్‌వెరిఫై సరిపోతుంది. అది ఇమేజ్‌లోని ప్రతి సరుకునూ విప్పి, ముద్ర మళ్లీ లెక్కించి, రాసి ఉన్న ముద్రతో పోలుస్తుంది. క్యాప్చర్‌లో రాసిన --చెక్ వేరు; అది విమ్ ఫైలుకు మరొక సరిచూపు పట్టికను చేర్చుతుంది, ఫైలు ఒక డిస్క్ నుంచి ఇంకొక డిస్క్‌కు పోయేటప్పుడు చెడిందేమో తెలుసుకోవడానికి అది పనికివస్తుంది.

విండోస్ యంత్రం నుంచే తీయాలంటే

బిల్లుల యంత్రం మాకు విండోస్. అక్కడ ఏమీ కొత్తగా ఎక్కించకుండానే, విండోస్ 8 నుంచి వస్తున్న డిస్మ్ కమాండ్‌తో ఈ పని చేయవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి:

డిస్మ్ /క్యాప్చర్-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:ఇ:\బిల్లులు.విమ్ /క్యాప్చర్‌డిర్:డి:\బిల్లులు /నేమ్:"2024-ఏప్రిల్" /కంప్రెస్:మ్యాక్స్ /చెక్‌ఇంటిగ్రిటీ

డిస్మ్ అంటే డి, ఐ, ఎస్, ఎం. తర్వాతి నెలకు క్యాప్చర్-ఇమేజ్ స్థానంలో అపెండ్-ఇమేజ్ (/కంప్రెస్ మాట లేకుండా), విప్పడానికి అప్లై-ఇమేజ్. విప్పేటప్పుడు /ఇండెక్స్:1 వంటి సంఖ్య, /క్యాప్చర్‌డిర్ స్థానంలో /అప్లైడిర్ ఇవ్వాలి; పేరు, కుదింపు మాటలు అక్కరలేదు. తెరిచి ఉన్న ఫైళ్లను చదవనివ్వకపోవడం విండోస్ స్వభావం. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ మూయకుండా క్యాప్చర్ మొదలుపెడితే మధ్యలో ఆగిపోవచ్చు. మూయడం కుదరని చోట విండోస్ కోసం దొరికే విమ్‌లిబ్‌నే తెచ్చుకుని --స్నాప్‌షాట్ మాట చేర్చితే, అది డిస్క్‌కు క్షణకాలపు నీడకాపీ తీసుకుని అందులోంచి చదువుతుంది. విండోస్ 7లో డిస్మ్‌కు క్యాప్చర్ రాదు, అక్కడ కూడా విమ్‌లిబ్‌నే వాడాలి. నడుస్తున్న విండోస్ డ్రైవ్ మొత్తాన్ని డిస్మ్‌తో ఇలా తీయాలని చూడకండి. దానికి వేరే డిస్క్ నుంచి బూట్ అయ్యే పద్ధతి ఉంది, అది ఈ వ్యాసపు పని కాదు.

ముక్కలు చేయడం, దాచడం

పాత పెన్ డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటాయి, అందులో 4 జీబీ ఫైలు పట్టదు. విమ్ ఫైలును ముక్కలు చేసుకోవచ్చు. సంఖ్య ఎంబీలలో ఉంటుంది:

విమ్‌స్ప్లిట్ పనులు.విమ్ పనులు.ఎస్‌డబ్ల్యూఎం 3800

పనులు.ఎస్‌డబ్ల్యూఎం, పనులు2.ఎస్‌డబ్ల్యూఎం, పనులు3.ఎస్‌డబ్ల్యూఎం అని వరుసగా వస్తాయి. ఒక్క ఫైలు సరుకును రెండు ముక్కల మధ్య విడదీయదు కాబట్టి, కుదించిన తర్వాత కూడా 4 జీబీ దాటే వీడియో ఉంటే ఆ ముక్క ఫ్యాట్32లో పట్టదు. విప్పేటప్పుడు మొదటి ముక్క పేరు చెప్పి, మిగిలినవి ఎక్కడున్నాయో --రెఫ్="పనులు*.ఎస్‌డబ్ల్యూఎం" అని కొటేషన్లలో తెలపాలి. రెఫ్ అంటే ఆర్, ఈ, ఎఫ్.

ఫైలు మరీ పెరిగితే పాత నెలలను విమ్‌డిలీట్ ఇమేజ్ సంఖ్యతో తీసేస్తుంది, వాటికి మాత్రమే చెందిన సరుకును కూడా తొలగించి ఫైలును తిరిగి రాస్తుంది. తిరిగి రాయడానికి సరిపడా ఖాళీ జాగా ముందే ఉండాలి. ఒక సంవత్సరపు చివరి స్థితిని విడి ఫైలుగా ఉంచాలనుకుంటే, తీసేసే ముందు విమ్‌ఎక్స్‌పోర్ట్‌తో దానిని వేరే విమ్‌లోకి పంపుకోవాలి.

విమ్ ఫైలుకు తాళం లేదు. పెండ్లి పత్రికల్లో ఫోన్ నంబర్లూ ఇంటి చిరునామాలూ ఉంటాయి గనుక, బయటికి పోయే డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి పంపాలి.

2023 జూలై వానలకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. ఆ వారం వరంగల్‌లో, హనుమకొండలో ఎన్నో కాలనీలు నీటిలో ఉన్నాయి. ప్రెస్‌లోని మొదటి డిస్క్ నేల మీది టేబుల్ కిందే ఉండేది. ఇప్పుడది గోడకు కొట్టిన అరలో ఉంది. రెండో డిస్క్ హనుమకొండలో మా ఇంటి పై అంతస్తులో ఉంది, నెలకోసారి అపెండ్ అయ్యాక పూర్తి విమ్ ఫైలును దాని మీదికి కొత్త పేరుతో కాపీ చేసి, అక్కడే విమ్‌వెరిఫై నడిపించి, అది సరే అన్న తర్వాతనే పాత కాపీని తీసేస్తాను. రెండు డిస్క్‌ల పెట్టెల్లోనూ ఒక కాగితం మడిచి పెట్టాను. దాని మీద విమ్‌అప్లై కమాండ్ ఇంగ్లిషు అక్షరాల్లో, యూనిక్స్-డేటా మాటతో సహా, పెద్దగా రాసి ఉంది. నేను ఊళ్లో లేని రోజున కూడా మామ దానిని చూసి టైపు చేయగలడు. గత దసరాకు ఒకసారి చేయించి చూశాను.